నా పనులన్నీ అయిపోయాయి, ప్రాజెక్టు మాత్రం అవలేదు

ముఖ్యమైన పని పొద్దున్నే ముగించడం, వారానికోసారి పనులన్నీ సరిచూసుకోవడం, ముందు విని తర్వాత మాట్లాడటం. ఇలాంటి మంచి అలవాట్లు ఉన్న పాఠకులే ఈసారి ఎక్కువగా రాశారు. అందరిదీ ఒకటే సందేహం: ఇవి నలుగురితో కలిసి చేసే ప్రాజెక్టులో ఎందుకు పనిచేయడం లేదు? బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: బెళ్లందూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో తొమ్మిదిమంది ఉన్న టీమ్‌కి లీడ్‌ని. ఆదివారం రాత్రే వారం ప్లాన్ రాసుకుంటాను. రోజూ పది నుంచి పన్నెండు దాకా ఫోన్, చాట్ ఆపేసి కష్టమైన పని చేస్తాను. నా లిస్టులో ఒక్క పనీ మిగలదు. అయినా ప్రతి రిలీజూ (కొత్త వెర్షన్ విడుదల) రెండు మూడు వారాలు వెనక్కి పోతోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: మీ అలవాట్లు మీ గంటల్ని బాగానే కాపాడుతున్నాయి. కానీ ప్రాజెక్టు ఆలస్యం చాలావరకు ఎవరి గంటల్లోనూ ఉండదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పని మారే చోట పేరుకుంటుంది. ఆ చోటు ఎవరి లిస్టులోనూ కనిపించదు కాబట్టి అందరి పనులూ అయిపోతాయి, రిలీజ్ మాత్రం అవదు.

ముందు దీన్ని మీ కళ్లతో చూడండి. ఈమధ్య పూర్తయిన పది టికెట్లు (ఒక్కో పనికి తెరిచే నమోదు) తీయండి. పనుల నమోదుకు జిరా లాంటి ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, టికెట్ ఏ రోజు ఏ దశలోకి వెళ్లిందో అందులో నమోదై ఉంటుంది. ఒక్కో టికెట్‌కి రెండు అంకెలు రాయండి: ఎవరో ఒకరు నిజంగా పనిచేసిన రోజులు, రివ్యూ (ఇంకొకరు కోడ్ సరిచూడటం) కోసమో టెస్ట్ సర్వర్ కోసమో క్లయింట్ జవాబు కోసమో ఆగిన రోజులు. రెండో అంకె మొదటిదాని కన్నా పెద్దదిగా రావడం మామూలే. పనిచేసే వేగం పెంచితే తగ్గేది మొదటి అంకె మాత్రమే.

ఇప్పుడు మీ పది నుంచి పన్నెండు సంగతి. మీరు తలుపు వేసుకున్న ఆ రెండు గంటలూ మీ రివ్యూ కోసం ముగ్గురు ఆగి ఉండవచ్చు. పన్నెండుకి మీరు బయటికి వచ్చేసరికి మీటింగులు, తర్వాత భోజనం. వాళ్లకు జవాబు అందేది సాయంత్రం నాలుగుకి. ఆ నిశ్శబ్దం మానక్కర్లేదు, టీమ్ మొత్తానికీ ఒకే వేళలో పెట్టండి. ఆ రెండు గంటలూ ఎవరూ ఎవరినీ పిలవరు. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా, మళ్లీ నాలుగున్నర నుంచి ఐదు దాకా అందరూ ఎదుటివాళ్ల పనే చూడాలి, సొంత పని ముట్టకూడదు. రివ్యూకి వచ్చిన కోడ్ రెండు మూడు వందల వరుసలు దాటితే చూసేవాళ్లు 'తర్వాత తీరిగ్గా చూద్దాం' అనుకుంటారు. కాబట్టి పెద్ద మార్పుల్ని విడగొట్టి పంపమనండి.

పొద్దున ఏ పని ముందు చేయాలన్న లెక్క కూడా మారాలి. ఒంటరిగా పనిచేసేవాళ్లకు అతి ముఖ్యమైనది ముందు. ప్రాజెక్టులో మాత్రం ఎవరైనా దేనిమీద ఆగిపోయి ఉన్నారో అది ముందు. పావుగంట పట్టే అనుమతి మెయిల్, మీ రెండు రోజుల డిజైన్ పని కన్నా ముందు వెళ్లాలి.

ఆదివారం ప్లాన్ ఉంచుకోండి. దానితో పాటు శుక్రవారం మూడింటికి అరగంట, టీమ్‌తో కలిసి, 'ఎదురుచూపుల పట్టిక' చూడండి. అందులో మూడే గడులు ఉండాలి: ఏం కావాలి, ఎవరి నుంచి, మళ్లీ ఎప్పుడు అడగాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పట్టిక ఫిర్యాదుల పుస్తకమైపోతుంది. 'సెక్యూరిటీ టీమ్‌కి మెయిల్ పెట్టాం' అన్నది జవాబు కాదు. 'మంగళవారం పదకొండుకి ఫోన్ చేస్తాను' అన్నది జవాబు.

పని అప్పగించే పద్ధతిని కూడా కాస్త బిగించాలి. 'టెస్టింగ్‌కి ఇచ్చేశాను' అంటే నాలుగు విషయాలు ఇచ్చినట్టు: ఏ బిల్డ్ (సాఫ్ట్‌వేర్ కూర్పు), ఏం మారింది, ఏది ఇంకా మారలేదు, ఏ డేటాతో పరీక్షించాలి. ఈ నాలుగూ లేకుండా వెళ్లిన పని మర్నాడు ప్రశ్నై తిరిగొస్తుంది. అప్పటికి రాసినవాళ్లు ఇంకో పనిలో పడి ఉంటారు.

ఒక నెల తర్వాత పట్టికలో 'ఎవరి నుంచి' గడిలో మీ పేరే ఎక్కువసార్లు కనిపిస్తే, సగం అనుమతులు ఇచ్చే అధికారం ఇంకొకరికి అప్పగించండి. లీడ్ ఎంత సమర్థులైతే అన్ని దారులూ అంతగా వాళ్ల టేబుల్ మీదకే చేరతాయి. ఈ ప్రమాదం మీకు బాగానే ఉంది.

ప్రశ్న: హోస్కోటె దగ్గర 30 × 40 అడుగుల సైటులో ఇల్లు కడుతున్నాం. ఈ శ్రావణంలో పై స్లాబు వేస్తున్నాం. గృహప్రవేశానికి ఫిబ్రవరిలో ముహూర్తం పెట్టించాం. నేను ఆఫీసులో ఏ పనైనా చివర ఎలా ఉండాలో ఊహించుకుని మొదలుపెడతాను. ఇంటి పనికి ఆ అలవాటును ఎలా అన్వయించాలి? మేస్త్రీ ఏది అడిగినా 'అయిపోద్దమ్మా' అంటున్నాడు.

జవాబు: ముహూర్తం అంటే తేదీ. ఆ తేదీకి ఇల్లు ఏ స్థితిలో ఉండాలన్నది ఇంకా రాసుకున్నట్టు లేదు. ముందు ఒక్క కాగితం మీద ఆ రోజు తప్పనిసరిగా ఉండాల్సినవి రాయండి: వంటగదిలో పాలు పొంగించే వసతి, పూజగది, నీళ్లు, పర్మనెంటు కరెంటు, కనీసం రెండు బాత్‌రూములు, మెట్లకు రెయిలింగు. రెయిలింగు మర్చిపోకండి, ఆ రోజు పిల్లలూ పెద్దవాళ్లూ వస్తారు. దాని కిందే తర్వాత చేసుకోగలిగినవి రాయండి: పై గదుల వార్డ్‌రోబులు, కాంపౌండు రంగు, కారు షెడ్డు. ఈ కాగితం అత్తగారికి, అమ్మగారికి కూడా చూపించండి. పూజగది తలుపు లేకుండా గృహప్రవేశమేంటన్న మాట జనవరిలో రావడం కన్నా ఇప్పుడే రావడం మేలు.

తర్వాత ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మూడు రోజుల ముందు కడగడం, శుభ్రం పూర్తి. పది రోజుల ముందు లైట్లు, కుళాయిలు బిగింపు పూర్తి. రెండు వారాల ముందు మాడ్యులర్ కిచెన్ బిగింపు మొదలు. కిచెన్ తయారీకి నాలుగు నుంచి ఆరు వారాలు అడుగుతారు. వాళ్లు కొలతలు తీసుకునేది టైల్స్, గ్రానైట్ బండ వేశాకే. అంటే వంటగది టైల్స్ ముహూర్తానికి రెండు నెలల ముందే అయిపోవాలి, డిసెంబరు మొదటివారం అనుకోండి. బాత్‌రూముల్లో టైల్స్ కన్నా ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద 48 గంటలు నీళ్లు నిలిపి కింద తడి వస్తోందేమో చూడటం. వీటన్నిటికన్నా ముందు ప్లాస్టరు, ప్లాస్టరు కన్నా ముందు గోడల్లో కరెంటు పైపులు, నీళ్ల పైపులు.

ఈ వరుసలో కొన్ని రోజుల్ని డబ్బుతోనూ, ఎక్కువమంది కూలీలతోనూ తగ్గించలేం. వాటిని ఎర్ర సిరాతో రాయండి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం కాంక్రీటును ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటైతే కనీసం 7 రోజులు, బస్తా మీద పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటు) అని ఉంటే లేదా వేడి, పొడి వాతావరణమైతే కనీసం 10 రోజులు తడపాలి. స్లాబు కింద ఊతలు, నిడివి 4.5 మీటర్ల లోపైతే 7 రోజుల దాకా, దాటితే 14 రోజుల దాకా తీయకూడదు. దూలాల కింద 6 మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21. ఇవి సాధారణ పరిస్థితుల్లో కనీస గడువులు. మీ ఇంజనీరు ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించండి. కొత్త ప్లాస్టరు మీద పుట్టీకి ముందు నాలుగు వారాలు ఆరనివ్వడం మంచిది. తడి మీద రంగు వేస్తే ఆరు నెలల్లో పొక్కులు లేస్తాయి. ఆలస్యమైన ఇళ్లన్నిటా మొదట కోత పడేది ఈ ఎర్ర రోజులకే. అది చాలా తప్పు.

ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్న పనుల్లో అన్నిటికన్నా పొడవైన వరుసే మొత్తం గడువును నిర్ణయిస్తుంది. 1957లో అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థలవాళ్లు కర్మాగారాల పనుల కోసం రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి సారం ఇదే. మీ ఇంట్లో ఆ వరుస స్లాబు, ప్లాస్టరు, టైల్స్, కిచెన్ మీదుగా వెళ్తోంది. గేటు వెల్డింగు వారం ఆలస్యమైనా ఏమీ కాదు, వంటగది టైల్స్ వారం ఆలస్యమైతే అన్నీ వారం వెనక్కి జరుగుతాయి. మేస్త్రీని రోజూ గేటు గురించి తొందరపెట్టి అలసిపోకండి.

ఇక మేస్త్రీ చేతిలో లేనివి, మీ చేతిలో ఉన్నవి: నిర్ణయాలు. షవర్ డైవర్టర్ (నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే వాల్వు) ఏ కంపెనీది, ఏ మోడల్? దాని లోపలి భాగం టైల్స్‌కి ముందే గోడలో కూర్చోవాలి. గీజర్, చిమ్నీ రంధ్రం, ఏసీ పైపు, మంచం పక్క స్విచ్‌లు, ఇన్వర్టర్ వైరు, ఇవన్నీ ప్లాస్టరు లోపే తేలాలి. ఒక్కో నిర్ణయానికీ చివరి తేదీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. డైవర్టర్ తర్వాత మారిస్తే టైలు, వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరు మూడూ పగులుతాయి. పర్మనెంటు కనెక్షనుకు ఏ కాగితాలు కావాలో బెస్కాం (బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ) ఆఫీసులో ఇప్పుడే అడిగి రాసుకోండి. ఆ నిబంధనలు మారుతుంటాయి.

బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు గట్టి వానల నెలలు. బయటి గోడల రంగు అప్పుడు పెట్టుకోవద్దు. దసరా, దీపావళి, సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు వెళ్తారు, వెళ్లాలి కూడా. ఒక్కో పండగకు వారం చొప్పున ముందే ప్లాన్‌లో తీసేయండి. 'అయిపోద్దమ్మా' అన్న మాటకు ఎదురు ప్రశ్న ఒక్కటే: 'దీనికి ముందు ఏది అవ్వాలి?'

ప్రశ్న: పీణ్యలో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి దాకా ఒక్క మెషినూ ఖాళీగా ఉండదు. నేను పనులు ముందే మొదలుపెట్టే మనిషిని, ఆర్డరు రాగానే మెటీరియల్ కోయించేస్తాను. అయినా ప్రతి ఆర్డరూ ఆలస్యమే. ఇంకో మెషిన్ కొనాలా?

జవాబు: కొనే ముందు షాపులో నడిచి, మొదలై ముగియని జాబులు (ఆర్డరు పనులు) ఎన్నో లెక్కపెట్టండి. గత మూడు నెలల్లో సగటున నెలకు ఎన్ని డెలివరీ చేశారో చూడండి. అవి 48, 24 అనుకుందాం. 48ని 24తో భాగిస్తే 2. కోత నుంచి డెలివరీ దాకా ఒక్కో జాబుకు సగటున రెండు నెలలు పడుతోందన్న మాట. అమెరికా పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది. వచ్చే పని, వెళ్లే పని నిలకడగా ఉన్న ఏ చోటైనా వర్తిస్తుంది. నెలకు 24 వెళ్లేది అలాగే ఉంచి, లోపలున్నవి 24కి తగ్గిస్తే ఒక్కోదానికి పట్టేది ఒక నెలే. అవే మెషిన్లు, అదే మనుషులు.

ముందే మొదలుపెట్టడం మంచి అలవాటే, మొదలుపెట్టింది ఒక్క పనైతే. మీ దగ్గర జరిగేది వేరు. ప్రతి ఫోనుకూ ఒక జాబు దించి ఇంకోటి ఎక్కిస్తున్నారు. ఎక్కించిన ప్రతిసారీ సెట్టింగ్, మొదటి పీసు తనిఖీ. హీట్ ట్రీట్‌మెంటుకి బయటికెళ్లినవి తిరిగొచ్చేసరికి వాటి మెషిన్ ఇంకో పనిలో ఉంటుంది.

రెండు వారాలు కొత్త జాబుకు మెటీరియల్ కోయకండి. లోపలున్నవాటిలో ముగింపుకు దగ్గరగా ఉన్నవి ముందు బయటికి పంపండి. ఆ తర్వాత నియమం: ఒకటి గేటు దాటితేనే ఒకటి లోపలికి. ఏ మెషిన్ ముందు కుప్ప ఎప్పుడూ పెద్దగా ఉంటుందో అదే మీ ఇరుకు దారి. వైర్‌కట్ (విద్యుత్ తీగతో లోహాన్ని కోసే మెషిన్) కావచ్చు, గ్రైండింగ్ కావచ్చు. దాని ముందు రెండు రోజుల పని ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. భోజనం వేళ కూడా అది ఆగకుండా మనుషుల్ని మార్చండి. మిగతా మెషిన్లు అప్పుడప్పుడు ఖాళీగా నిలబడతాయి. యజమానికి ఆ దృశ్యం చాలా కష్టంగా ఉంటుంది, ఎక్కువమంది పాత పద్ధతికి వెళ్లిపోయేది అక్కడే. కనీసం రెండు నెలలు ఓర్చుకుని డెలివరీ తేదీలు చూడండి. అర్జెంటు జాబులకు ఒక్క స్థానమే ఉంచండి. రెండో అర్జెంటు వస్తే, మొదటిది దిగాకే.

అప్పటికీ ఇరుకు మెషిన్ ముందు కుప్ప తగ్గకపోతే, అలాంటిదే ఇంకొకటి కొనవచ్చు.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో ప్రాజెక్టు మేనేజర్‌ని. క్లయింట్ సాయంత్రం కాల్‌లో 'చిన్న మార్పే' అంటారు, మావాళ్లు 'యెస్, యెస్' అంటారు. క్లయింట్ దాన్ని ఒప్పుకోలు అనుకుంటున్నారు. కాదంటే సంబంధం చెడుతుందని భయం. టీమ్‌లో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ వాళ్లున్నారు, లోపల కూడా ఇదే గందరగోళం.

జవాబు: మనవాళ్లు 'యెస్' అనేది చాలాసార్లు 'వింటున్నాను' అన్న అర్థంలో. దాన్ని మాన్పించడం కష్టం. దాని తర్వాత ఇంకో వాక్యం అలవాటు చేయించండి: 'విన్నాం, రేపు మధ్యాహ్నంలోపు ఎంత పనో చెబుతాం.' కాల్‌లో ఒప్పుకోలూ వద్దు, తిరస్కారమూ వద్దు.

దానికి ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది లేకపోతే ఏ పని ఆగుతుంది? ఎవరు వాడతారు? ఎప్పటికి కావాలి? రిపోర్టులో ఒక కాలమ్ అడిగినవాళ్లకు నిజానికి కావలసింది నెలకోసారి ఒక ఎక్సెల్ ఫైలే కావచ్చు. ఈ ప్రశ్నలు లేకుండా లెక్క కడితే అడిగినదానికి లెక్క కడతారు, అవసరానికి కాదు.

మర్నాడు పంపే జవాబు ఐదారు వరుసలు చాలు. మీరు అడిగింది మాకు ఇలా అర్థమైంది. ఇందులో ఈ పనులున్నాయి: డేటాబేసు మార్పు, ఎవరెవరు చూడొచ్చన్న అనుమతులు, పరీక్ష, సహాయపత్రం. మొత్తం ఆరు పనిదినాలు. రెండు దారులున్నాయి: ఇదే తేదీకి కావాలంటే ఇంతే పరిమాణంలో ఉన్న ఫలానాది తర్వాతి రిలీజ్‌కి వెళ్తుంది, రెండూ కావాలంటే తేదీ ఇంత వెనక్కి జరుగుతుంది. ఏది మేలో చెప్పండి. ఇలా రాస్తే మీరు కాదన్నట్టు కాదు, ఎంపిక వాళ్లకే ఇచ్చినట్టు. ఖర్చు కనిపించాక చాలా 'చిన్న మార్పులు' అడిగినవాళ్లే వెనక్కి తీసుకుంటారు. మిగిలినవి నిజంగా చేయదగ్గవి.

టీమ్ లోపల 'అర్థమైందా?' అని అడగడం మానండి. దానికి ఏ భాషలోనైనా ఒకటే జవాబు వస్తుంది. 'మొదట ఏం చేస్తావు?', 'ఎక్కడ ఆగొచ్చు అనిపిస్తోంది?' అని అడగండి, జవాబు వాళ్లకు వీలైన భాషలో చెప్పనివ్వండి. తేడా అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: మావాళ్లు ఐదు రోజుల పనికి పది రోజులు చెబుతారు. అయినా పదో రోజుకు కూడా అవదు. (వైట్‌ఫీల్డ్ నుంచి)

జవాబు: ఐదు చెబితే మీరు మూడు చేస్తారని భయపడి పది చెబుతున్నారేమో ముందు ఆలోచించండి. పని తనకిచ్చిన సమయమంతా నిండేలా సాగుతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లోనే రాశాడు. ప్రతి పనిలో దాచుకున్న రోజులు అలాగే ఖర్చైపోతాయి.

ఒక్కో పనికి మూడు అంకెలు అడగండి: అంతా సవ్యంగా సాగితే, మామూలుగా, గట్టి చిక్కు వస్తే. 3, 5, 13 అన్నారనుకోండి. మధ్యదాన్ని నాలుగుతో గుణించి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగించండి: 3, 20, 13 కలిపితే 36, అంటే 6 రోజులు. ప్లాన్‌లో ఈ ఆరే వేయండి. అదనపు రోజుల్ని పనుల్లో కాక ప్రాజెక్టు చివర ఒకేచోట, అందరికీ కనిపించేలా పెట్టండి. అందులోంచి ఎవరు వాడుకున్నా సంజాయిషీ అడక్కూడదు, కారణం మాత్రం రాసిపెట్టాలి. 13 అన్న అంకెను వదిలేయకండి. 'ఏం జరిగితే పదమూడు?' అని అడిగితే వచ్చే జవాబు ఆ మూడు అంకెలకన్నా విలువైనది.

ప్రశ్న: ముందుచూపుతో ఉండాలని రిస్క్ రిజిస్టర్ (రాగల చిక్కుల పట్టిక) పెట్టాం. ప్రతి నెలా అవే వరుసలు, ఎవరూ చదవరు.

జవాబు: 'ఏమేం తప్పు జరగొచ్చు?' అంటే జనం మర్యాదకు నాలుగు మాటలు చెబుతారు. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో వివరించిన ప్రీమార్టమ్ పద్ధతి వాడండి. అందర్నీ కూర్చోబెట్టి, 'ఆరు నెలలు గడిచాయి, ఈ ప్రాజెక్టు ఘోరంగా విఫలమైంది, ఎందుకో రాయండి' అనండి. ఐదు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాయాలి, మాట్లాడకూడదు. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో కారణం చదవాలి, అందరికన్నా చిన్న ఉద్యోగితో మొదలుపెట్టి. మేనేజర్ చివర. శుభమా అని మొదలుపెడుతూ ఇదేం మాట అని కొందరు నొచ్చుకుంటారు, వాళ్లకు ఉద్దేశం ముందే చెప్పండి. వచ్చిన కారణాల్లో మూడింటినే తీసుకుని, ఒక్కోదానికి ఒక మనిషి, ఈ వారంలోనే చేసే ఒక పని, అది ముదురుతోందని తెలిపే ఒక గుర్తు రాయండి. మిగతావి రిజిస్టర్‌లో ఉంటే ఉండనివ్వండి.

ప్రశ్న: ప్రతి రెండు వారాలకూ రెట్రో మీటింగ్ (చేసిన పనిని వెనక్కి చూసుకునే సమావేశం) పెడుతున్నాం. పదిహేను అంశాలు రాస్తాం, ఏదీ మారదు.

జవాబు: పదిహేను కాబట్టే మారదు. ఒక్కటి ఎంచుకుని, దాన్ని తర్వాతి స్ప్రింట్‌లో (రెండు వారాల పని విడతలో) మామూలు టికెట్‌గా, గంటలతో సహా పెట్టండి. చేయడానికి గంటలు కేటాయించలేకపోతే ఆ అంశం అప్పటికి వద్దు. తర్వాతి రెట్రోలో మొదటి ఐదు నిమిషాలు దానికే: చేశామా, ఎదురుచూసే రోజులు తగ్గాయా. తగ్గకపోతే ఆ మార్పు తీసేసి ఇంకొకటి ప్రయత్నించండి.